మలావీ పల్లెకు సేవకు వెళ్తున్నారా? ముందు ఒక పొలం చెక్క మీ చేత్తో సాగు చేయండి

ఆఫ్రికాలోని మలావీలో సువార్త పనికి, దాంతోపాటు వ్యవసాయ ప్రాజెక్టుకి వెళ్లాలని ఉందని మన సంఘాల్లో ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది టికెట్ సంగతే. టికెట్ జూలైకి కొనండి. వానలు నవంబరులో కదా, అక్టోబరు చివర్లో దిగితే చాలనుకుంటారు. మేమూ అలాగే అనుకుని 2021 అక్టోబరు చివర్లో దిగాం, ఆ ఒక్క లెక్క తప్పడంతో ఏడాది మొత్తం పోయింది. జూలైలో మొక్కజొన్న ఇంటికి చేరి ఉంటుంది, కడుపు నిండా తిండి ఉంటుంది, దక్షిణాన చిపెరోని అనే చలి తుంపర పడుతుంటే జనం వసారాల్లో కూర్చుని తీరిగ్గా మాట్లాడతారు. నవంబరులో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. జనవరికి ఇళ్లలో గింజ ఉండదు. ఆకలిగా ఉన్న మనిషితో తొలి పరిచయం చేసుకుంటే ఆ మనిషికి మీరు ఎప్పటికీ తిండి పెట్టేవాళ్లుగానే కనిపిస్తారు, ఆ చూపు మార్చడం చాలా కష్టం.

మాది ప్రకాశం జిల్లా. నేనూ మా ఆవిడా దక్షిణ మలావీలో, ఫలోంబే వైపు, ములంజే కొండ ఎదురుగా కనిపించే ఒక పల్లెలో నాలుగు పంటకాలాలు ఉన్నాం. కింద రాసేదంతా అక్కడి మాటే. ఆఫ్రికా అంటే ఒకటే ఊరు కాదు, కెన్యాలోనో కాంగోలోనో వేరే వానలు, వేరే భాషలు, వేరే ఆచారాలు, కాబట్టి మీరు వెళ్లే చోటికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి ఏడు మేం చేసిన తప్పు దాచకుండా చెబుతాను. ఇక్కడి నుంచి వచ్చిన కానుకలతో ఎరువు బస్తాలు కొని, డిసెంబరులో, మందిరం దగ్గర నలభై కుటుంబాలకు పంచాం. ఆరాధన అయ్యాక పంచాం. వారం తిరిగేసరికి సగానికి పైగా బస్తాలు సంతలో ఉన్నాయి. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. మా పక్కింటి అగోగో (అక్కడ పెద్దవాళ్లను, అమ్మమ్మ అయినా తాతయ్య అయినా, అలాగే పిలుస్తారు) నెమ్మదిగా చెప్పింది: ఎరువు మార్చిలో పండే కండెకి, పిల్లలకి ఆకలి ఈ రాత్రికి. తర్వాతి ఆదివారం మందిరం నిండిపోయింది, మళ్లీ పంచుతారేమోనని. ఆ నిండిన మందిరాన్ని ఫోటో తీసి ఇక్కడికి పంపాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నిజానికి ఈ పాఠం మనవాళ్లకి కొత్తది కాకూడదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఇవ్వలేదు, తిండి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తేలాలని ఆపాడు. కరువు సాయం అంతా ముగిశాక, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్యని మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఓర్చుకున్న నెలల గురించి ఎవరూ చెప్పరు. మీరు వెళ్లే ముందు ఆ నెలల గురించి బాగా ఆలోచించుకోండి.

కాగితాలు, ఆరోగ్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. టూరిస్టు వీసా మీద వెళ్లి సేవ చేయొద్దు, అక్కడ మిమ్మల్ని పిలిచే సంఘం ద్వారా సరైన పర్మిట్ పెట్టించుకోండి. మన దగ్గర నుంచి విమానాలు ఎక్కువగా అడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా వెళతాయి కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు. మలేరియా అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది, ప్రాణాంతకమైన రకం. జ్వరం వస్తే రేపు చూద్దాం అనుకోవద్దు, అదే రోజు పరీక్ష చేయించుకోండి. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. చెరువుల్లో, నిలవ నీళ్లలో దిగితే బిల్హార్జియా అనే పరాన్నజీవి జబ్బు అంటుకోవచ్చు.

భాష విషయంలో మనకి ఇంగ్లీషు వాళ్లకన్నా దారి సులువు. అక్కడి భాష చిచేవాలో కూడా నువ్వు, మీరు తేడా ఉంది: ‘ఇవే’ అంటే నువ్వు, ‘ఇను’ అంటే మీరు. పెద్దవాళ్లని ‘ఇవే’ అన్నారంటే మన ఊళ్లో పెద్దాయన్ని ఏకవచనంలో పిలిచినట్టే. చేత్తో తినడం, తినే ముందు చేతులు కడగడం, పెద్దల ముందు కాస్త వంగడం, ఇవేవీ మనకి నేర్పక్కర్లేదు. ఎవరింటికి వెళ్లినా గుమ్మం దూరంగానే ఆగి ‘ఓడి’ అని పిలవాలి, లోపలి నుంచి ‘ఓడిని’ అన్నాకే అడుగు వేయాలి. దారిలో ఎవరు ఎదురైనా ‘ములి బ్వంజి’ అని క్షేమం అడగకుండా పని మాట ఎత్తొద్దు. ఇంకొకటి, మిమ్మల్ని చూడగానే ‘అమ్వెన్యే’ అంటారు, అంటే భారతీయులు. అక్కడ పట్టణాల్లో షాపులు మన దేశం మూలాలున్నవాళ్లవి చాలా ఉన్నాయి కాబట్టి మీరూ ఏదో వ్యాపారానికి వచ్చారనే అనుకుంటారు. నొచ్చుకోవద్దు, వాదించొద్దు. ఆరు నెలలు గుద్దలి పట్టుకుంటే వాళ్లే వేరే పేరు పెడతారు.

ఇక భూమి. దయచేసి ఎకరాలు కొనే, లీజుకి తీసుకునే ఆలోచనతో దిగొద్దు. మేమున్న చోటికి ఎంతో దూరం లేని చిరాద్జులు జిల్లా మగొమెరోలో మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ కూతురి కుటుంబానికి పెద్ద ఎస్టేటు ఉండేది. అక్కడ ఇల్లు వేసుకుని ఉన్నందుకు జనం ఎస్టేటుకి వెట్టి చేయాలి, దాన్ని ‘తంగటా’ అనేవాళ్లు. ఆ మాటకి మొదట ఉన్న అర్థం సాయం. 1915 జనవరిలో జాన్ చిలెంబ్వే అనే మలావీ పాస్టరు ఆ అన్యాయం మీద తిరగబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన బొమ్మ అక్కడి నోట్ల మీద ఉంటుంది, జనవరి 15 ఆయన పేరు మీద సెలవు. కాబట్టి సాయం చేస్తాం, భూమి చూపించండి అని బయటి క్రైస్తవులు అడిగితే ఊరి పెద్ద ముఖంలో ఒక్క క్షణం ఏదో కదులుతుంది. అది ఎందుకో తెలిసుండి మాట్లాడండి.

మీకు కావాల్సింది 39 మీటర్లు పొడవు, 16 మీటర్ల పైచిలుకు వెడల్పు ఉన్న చెక్క, అంతే. మన లెక్కలో పదిహేను సెంట్లు. ముందు ఊరి పెద్దని, అంటే మ్ఫుముని, అక్కడి సంఘ పెద్దలతో కలిసి వెళ్లి అడగండి, ఒంటరిగా వెళ్లొద్దు. తర్వాత ఆ చెక్క ఎవరిదో కనుక్కోండి. దక్షిణ మలావీలో భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది, పెళ్లయ్యాక మగవాడు భార్య ఊరికి వచ్చి ఉంటాడు. ఇంటి ముందు మీతో తల ఊపి సరేనన్న మగాయనకి ఆ పొలం మీద మాట చెల్లకపోవచ్చు. ఆ ఇంటి ఆడవాళ్ల మాట, వాళ్ల మేనమామ మాట చెల్లుతుంది. మేనమామ మాటకి విలువ ఎంతో మనకి వేరే చెప్పాలా? ఇల్లాలు, ఆమె తల్లి, ఆ మేనమామ ముగ్గురూ ఉన్నప్పుడే మాట్లాడుకోండి. పంట ఎవరిది, ఎన్నేళ్లు చేస్తారు, మీరు వెళ్లిపోయాక ఏమవుతుంది, అన్నీ ఆరోజే తేల్చుకోండి. మేమైతే పంట మొత్తం భూమి ఇచ్చిన ఇంటిదే అని ఒప్పుకున్నాం.

ఇప్పుడు అసలు పని. జింబాబ్వేలో బ్రయన్ ఓల్డ్రీవ్ అనే క్రైస్తవ రైతు 1980ల్లో దుక్కి దున్నకుండా, చొప్ప కాల్చకుండా, నేలకి ఆకు అలము కప్పి మొక్కజొన్న పండించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ పద్ధతి ఆఫ్రికాలో చాలా దేశాల్లో సంఘాల ద్వారా నేర్పుతున్నారు, జింబాబ్వే ప్రభుత్వమే 2020 నుంచి ఫుంవుద్జా అనే పేరుతో ఊరూరా అమలు చేసింది. వాళ్లు నేర్పే నాలుగు మాటలు: వేళకి చేయడం, సరిగ్గా చేయడం, వృథా చేయకపోవడం, సంతోషంగా చేయడం. మొదటిది ఒక్కటి పట్టుకున్నా సగం గెలిచినట్టే.

39 మీటర్ల పొడవులో 75 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున 52 వరుసలు వస్తాయి. ఒక్కో వరుసలో 60 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున 28 గుంటలు. గుంటకి రెండు మొక్కలు, మొక్కకి ఒక కండె అనుకున్నా వరుసకి 56 కండెలు. వాటిని ఒలిస్తే సుమారు ఒక బకెట్ గింజలు, ఒక కుటుంబానికి ఒక వారం తిండి. 52 వరుసలు, 52 వారాలు. నేను నేర్పింది ఏదైనా జనం మర్చిపోయి ఉండొచ్చు కానీ ఈ లెక్క మాత్రం ఎవరూ మర్చిపోలేదు, ఎందుకంటే వరుస దగ్గర నిలబడి ‘ఇది ఈస్టర్ వారం, ఇది స్కూలు తెరిచే వారం’ అని వేలు పెట్టి చూపించుకోవచ్చు.

కొలతకి టేపు వాడొద్దు. ఊళ్లో టేపు ఉన్నది మీ ఒక్కరి దగ్గరే అయితే ఆ పద్ధతి మీతోనే పోతుంది. ఒక తాడు తీసుకోండి. సోడా సీసాల రేకు మూతలు బార్ల చుట్టూ, కొట్ల ముందు బోలెడు దొరుకుతాయి, పిల్లలకి చెబితే సాయంత్రానికి గంపెడు తెస్తారు. అరవై సెంటీమీటర్లకి ఒక మూతని తాడు మీద మడిచి రాయితో కొట్టి బిగించండి, అది ఇక జారదు. వరుసల దూరానికి 75 సెంటీమీటర్ల పుల్ల ఒకటి చాలు. మేం మొదటిసారి తాడు కట్టిన రోజు అగోగో ఒక్కో మూతనీ గోటితో లాగి చూసింది, రెండు వదులుగా ఉన్నాయని చెప్పి తనే రాయి అందుకుని మళ్లీ కొట్టింది. ఆ క్షణం నుంచి తాడు ఆమెదైపోయింది.

గుంటలు ఆగస్టు, సెప్టెంబరులో తీయడం మొదలుపెట్టండి. మొత్తం 1,456 గుంటలు, పదిహేను సెంటీమీటర్ల లోతు. నేల ఇటుకలా ఉంటుంది. మొదట్లో నేను రోజుకి నలభై తీసి చేతులు బొబ్బలెక్కి కూర్చునేవాణ్ని, నాలుగో రోజుకి వంద వచ్చాయి. రోజుకి వంద అయితే పదిహేను రోజుల పని. అక్టోబరు ఎండలు భయంకరం, ఆలోపు ముగించుకోండి. ఒకసారి తీసిన గుంటలే ఏటా వాడతాం కాబట్టి రెండో ఏడు ఇంత కష్టం ఉండదు. గుంట అడుగున పాల డబ్బా కొలతతో మాగిన పశువుల ఎరువో కంపోస్టో వేసి, కొంచెం అడుగుమందు ఉంటే సీసా మూతతో కొలిచి వేసి, పైన మట్టి కప్పి, ఓ ఐదు సెంటీమీటర్ల పల్లం వదలండి. ఇక్కడ గట్టిగా ఒక మాట: ఊళ్లో అందరికన్నా పేద ఇంటికి దొరకని వస్తువు ఏదీ మీ చెక్కలో వాడొద్దు. ఆమె దగ్గర మేక పెంటికలే ఉంటే మీరూ అవే వేయండి. మీ దగ్గర డబ్బు ఉందని ఎరువు దండిగా వేసి పంట చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టి, అది డబ్బు మహిమ అనుకుని వెళ్లిపోతారు.

అన్నిటికన్నా కష్టం గడ్డి, చొప్ప కప్పడం. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం చేసేవాళ్లు ఆచ్ఛాదన అంటారే, అదే. నేల కనబడకుండా కప్పితే పదును ఆరదు, కలుపు తగ్గుతుంది, వాన దెబ్బకి మట్టి కొట్టుకుపోదు. చెప్పడం తేలిక. ఆగస్టు నుంచి అక్కడ కుర్రాళ్లు ఎలుకల వేటకి పొలాల్లో గడ్డి తగలబెడతారు. ఎలుకల్ని కాల్చి పుల్లకి గుచ్చి రోడ్డు పక్కన అమ్ముతారు, వాళ్లకి అది కూర, పైగా చేతి ఖర్చు. మేం నెల రోజులు మోసి పరిచిన చొప్ప ఒక సాయంత్రం ఇరవై నిమిషాల్లో బూడిదైంది. పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఒక పన్నెండేళ్ల పిల్లాడు చేతిలో పుల్ల పట్టుకుని నన్ను చూసి నిలబడిపోయాడు. తిట్టడానికి నోరు తెరిచాను, ఆ పిల్లాడి మోకాళ్లు చూసి మాట రాలేదు. తర్వాత తెలిసింది ఏంటంటే, చొప్పని ముందే పరచకూడదు. కోత కాగానే చెక్క బయట కుప్ప వేసి, చుట్టూ రెండు మీటర్ల నేల గీకి శుభ్రం చేసి, అక్టోబరు చివర్లో పరచాలి. మేకలు కూడా అప్పటిదాకా విచ్చలవిడిగా తిరుగుతాయి, వానలు పడ్డాకే కట్టేస్తారు. చెదలు కొంత తింటాయి, తిననివ్వండి. మంట సంగతి మ్ఫుము చేత ఊరి సభలో చెప్పించండి, మీరు చెబితే వినరు, వినక్కర్లేదు కూడా.

విత్తనం గురించి తొందరపడి తీర్పు చెప్పొద్దు. కొట్లో హైబ్రిడ్ సంచులు జంతువుల పేర్లతో అమ్ముతారు, కన్యాని అంటే కోతి, మ్కాంగో అంటే సింహం. కోతి త్వరగా పండుతుంది, సింహం ఆలస్యంగా పండి ఎక్కువ ఇస్తుంది. కానీ ముసలమ్మలు నాటు మొక్కజొన్నని వదలరు, దంచితే తవుడు తక్కువ పోతుంది, గింజ గట్టిది కాబట్టి ముక్కు పురుగు తొందరగా పట్టదు. దంచేది వాళ్లు, నిలవ చేసేది వాళ్లు, వాళ్లకి తెలుసు. మేం సగం వరుసలు హైబ్రిడ్, సగం నాటు వేశాం.

తొలి జల్లుకి విత్తొద్దు. ఒక డబ్బా పైభాగం కోసి బయట పెట్టండి, అందులో మూడు సెంటీమీటర్ల నీళ్లు నిలిచిన వాన పడ్డాక మర్నాడే విత్తండి, ఎల్లుండి కాదు. గుంటకి మూడు గింజలు, రెండు మూడు వారాలకి ఒకటి పీకేసి రెండు ఉంచండి. కలుపుని బొటనవేలి గోరంత ఉన్నప్పుడే గీకేయాలి. మొక్కజొన్న మొవ్వు తినే కత్తెర పురుగు మన దగ్గరికి 2018లో వచ్చింది, ఆఫ్రికాలో 2016 నుంచే ఉంది. వారానికి రెండుసార్లు మొవ్వులు విప్పి చూడాలి, గుడ్లు కనిపిస్తే నలిపేయాలి, పురుగు మొవ్వులో దూరితే చిటికెడు బూడిదో ఇసుకో వేయాలి. మందు కొట్టే స్థోమత లేని చోట కళ్లు, వేళ్లే మందు.

వరుసల మధ్య కంది వేయండి. అక్కడ నందోలో అంటారు. మొక్కజొన్న ఏప్రిల్లో పోయాక చిపెరోని తుంపరకి కంది బలుస్తుంది, జూలై, ఆగస్టుల్లో కాయ కోస్తారు, ఆకు రాలి నేలకి ఎరువవుతుంది. మా నాన్న వేసే కందే అంత దూరంలో కనిపించిన రోజు మా ఆవిడ అక్కడే రెండు కాయలు ఒలిచి నోట్లో వేసుకుంది. మన ఇంట్లో ఉడికే పప్పులో మలావీ, మొజాంబిక్ కంది కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కంది దిగుమతులకి పరిమితి పెడితే అక్కడ ధర ఒక్కసారిగా కూలిపోయింది, పండించినవాళ్లు ఆ ఏడాదిని ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి కంది వేస్తే కోటీశ్వరులవుతారని ఎవరికీ ఆశ పెట్టొద్దు. ముందు తినడానికి, మిగిలితే అమ్మడానికి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు మలావీలో కూడా చాలా ఏళ్లుగా కంది, వేరుశనగ రకాల మీద పని చేస్తున్నారు, మంచి రకాలు అక్కడే దొరుకుతాయి. మన ఊరి విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకెళ్లొద్దు, అది చట్టానికీ తప్పు, వాళ్ల నేలకీ ప్రమాదం.

డిసెంబరు నుంచి మార్చి దాకా ఉండే ఆకలి నెలలే మీ పరిచర్యకి అసలు పరీక్ష. గింజ అయిపోయిన ఇల్లు ‘గన్యూ’కి వెళుతుంది, అంటే రోజు కూలి, వేరేవాళ్ల పొలంలో కలుపు తీసి సాయంత్రానికి పిండి తెచ్చుకోవడం. ఆ సమయంలో సొంత పొలంలో కలుపు పెరిగిపోతుంది, పంట సగమవుతుంది, వచ్చే ఏడు గింజ ఇంకా ముందే అయిపోతుంది. ఈ నెలల్లో శిక్షణ తరగతులు, సువార్త సభలు పెట్టి జనాన్ని రోజంతా కూర్చోబెట్టకండి. తరగతులన్నీ ఆగస్టు, సెప్టెంబరులోనే పెట్టండి, భోజనం ఖర్చులు ఇస్తామని పిలవకండి. ఆకలి నెలల్లో సాయం చేయక తప్పదు, మనుషులం కదా. మేం సంఘ పెద్దలతో కలిసి చేసింది ఏంటంటే, గన్యూకి వెళ్లక తప్పని ఇంటికి వాళ్ల సొంత పొలంలోనే కలుపు తీసుకోమని పిండి ఇచ్చాం. వాళ్లు మందిరానికి వస్తారా, మసీదుకి వెళతారా, ఎక్కడికీ వెళ్లరా అని చూడలేదు, ఇచ్చేది కూడా మందిరం దగ్గర కాకుండా పొలం గట్టు మీద ఇచ్చాం.

సువార్త మాటేమిటని మా పాస్టరుగారు ఫోన్‌లో అడిగేవారు. అక్కడ సంఘం మనకన్నా చిన్నదేం కాదు. బ్లాంటైర్ మిషన్ మొదలైంది 1876లో, సంఘాలు, గాయక బృందాలు, మ్వానో అనే స్త్రీల సమాజం అన్నీ నిండుగా ఉన్నాయి. కొత్త బోర్డు పెట్టి కొత్త సంఘం కట్టకండి. మేం ఆదివారం వెనక వరసలో కూర్చున్నాం, మిగతా ఆరు రోజులు గుంటల దగ్గర ఉన్నాం. మాట్లాడాల్సినవి గుంటల దగ్గరే వచ్చాయి. నువ్వెందుకు వచ్చావు, మీ అమ్మా నాన్నల్ని వదిలి ఎలా ఉంటున్నావు, మీ దేవుడు వాన ఎందుకు ఆపాడు అని అడిగారు. తెలిసినంత చెప్పాను.

వాన ముందు ముంచింది, తర్వాత నిజంగానే ఆగింది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను ఫలోంబేలో ఊళ్లని ముంచింది, మరుసటి ఏడు ఎల్ నినో వల్ల 2024 ఫిబ్రవరిలో పొలాలు మాడిపోయాయి, దేశంలో 28 జిల్లాలకి 23 జిల్లాల్లో విపత్తు ప్రకటించారు. 52 బకెట్లు రావాల్సిన మా చెక్కలో ఆ ఏడు 29 వచ్చాయి. పక్క పొలాల్లో అంత కూడా రాలేదు కానీ ఆ మాట నేను పైకి అనలేదు, అగోగో అంది. ఆ సెప్టెంబరులో తాడు అడిగి తీసుకెళ్లిన ఇళ్లు పదకొండు. గుంటలు తీయడం నేర్పింది ఆమె, నేను మూతలు కొట్టి ఇచ్చాను.

చివరిగా రిపోర్టులు. మిమ్మల్ని పంపిన సంఘం ఫోటోలు అడుగుతుంది, ఆకలితో ఉన్న పిల్లల ఫోటోలైతే కానుకలు బాగా వస్తాయి కూడా. పంపొద్దు. ఆ పిల్లల తల్లి మీ పక్కింట్లో ఉంది, ఆమెకీ ఫోన్ ఉంది, వాట్సాప్ ఉంది. రక్షణ పొందినవారి సంఖ్య అడిగితే అది అక్కడి సంఘం లెక్క అని చెప్పండి. నేను మూడో ఏటి నుంచి ఒక్క పేజీయే రాసేవాణ్ని: పదును వాన పడిన తేదీ, విత్తిన తేదీ, ఎన్ని గుంటలు, ఎన్ని బకెట్లు, తాడు ఎన్ని ఇళ్లకి వెళ్లింది, ఫిబ్రవరి ఒకటో తేదీకి ఎన్ని ఇళ్ల గాదెల్లో ఇంకా గింజ ఉంది, వచ్చిన డబ్బు ఎంత, ఖర్చు ఎంత, మా ఇద్దరిలో ఎవరికి ఎన్నిసార్లు మలేరియా వచ్చింది, దేనికోసం ప్రార్థన చేయాలి.